పద్నాలుగుసార్లు ఆగిన కత్తి

కాదు బిడ్డా, అక్కడ తలుపు అని రాయకు. తలుపంటే మూసేది, తెరిచేది. అది మూయదు, తెరవదు. నాలుగు రేకుల చట్రం, అంతే. ఇనుప ముక్క ఏదైనా దగ్గర పెట్టుకుని దాని నడుమ నుంచి నడిస్తే కూస్తుంది. కాగితాల్లో దానికి పెద్ద ఇంగ్లీషు పేరుండేది. మేమందరం కూత దర్వాజ అనేవాళ్ళం. నువ్వూ అట్లాగే రాయి. నేను నెమ్మదిగా చెప్తాను, తొందరపడకు.

పోలీసులో ముప్పై రెండేళ్ళు చేశాను. చివరి పదకొండేళ్ళు మా చిన్న కోర్టు దగ్గరే. చదివింది ఐదో తరగతి. నంబరు పదకొండు నలభై ఏడు. ఆ నంబరు కింద గీత పెట్టు. ఈ కథలో అది రెండు చోట్ల నిలబడుతుంది.

ఎక్కడో, ఏ కోర్టులోనో, ఎవడో ఎవడినో చేతికర్రతో కొట్టాడట. అందుకని అన్ని కోర్టులకూ కూత దర్వాజలు పంపారు. కర్రకు ఆ దర్వాజ కూయదు. అయినా పంపారు. దానితోపాటు న్యాయస్థాన భద్రతా ప్రత్యేకాధికారి అని ఒక పెద్దసారును కూడా పంపారు. పేరు పరాంకుశరావు గారు. మీసం నుంచి బూటు దాకా అన్నీ మెరిసేవి. మాట కూడా ఇస్త్రీ చేసినట్టే ఉండేది.

దర్వాజకు ఎర్ర రిబ్బను కట్టారు. సారు కాగితం తీసి చదివారు.

"ఇకమీదట ఈ న్యాయస్థాన ప్రాంగణములోనికి ఏ ఆయుధమైనను, ఏ రూపమునందైనను, ఏ కారణము చేతనైనను, ఎవరి ద్వారానైనను ప్రవేశింపజాలదు!"

అందరం చప్పట్లు కొట్టాం. సారు కత్తెర తీసుకుని రిబ్బను కత్తిరించారు. ఆ ఊపులోనే కత్తెర చేతిలో పట్టుకుని దర్వాజలోంచి లోపలికి అడుగేశారు. అది కూసింది. మామూలు కూత కాదు, కోర్టు చూరు మీది పావురాలన్నీ లేచిపోయాయి. చప్పట్లు ఆగిపోయాయి. సారు వెనక్కి వచ్చి, కత్తెరను నా చేతిలో పెట్టి, "నియమమునకు అందరూ సమానులే. నమోదు చేయుము" అన్నారు.

రిజిస్టరులో మొదటి వరుస అదే. వస్తువు: కత్తెర. రకము: ఆయుధము. ఎవరి వద్ద: ప్రత్యేకాధికారి గారి వద్ద. ఆపినవారు: 1147. సారు అది చదివి, మురిసిపోయి, కింద సంతకం కూడా పెట్టారు.

ఇక లస్మాగౌడ్ సంగతి. మన పక్కూరివాడే, తాటిచెట్లు గీసి కల్లు తీసేవాడు. నా వయసే ఉంటాడు. ఎలక్షన్లప్పుడు ఎవరూ ఆయుధాలు పట్టుకుని తిరగొద్దని ఆర్డరు వచ్చింది. ఆ సాయంత్రం లస్మాగౌడ్ చెట్లు దిగి, భుజాన చెట్టెక్కే మోకు, నడుముకు గీత కత్తి, ఎప్పటిలాగే చౌరస్తా మీదుగా ఇంటికి పోతున్నాడు. పట్నం నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై గారు అతన్ని చూశారు. ఆయన కల్లు చూశారేమో గానీ గీత కత్తి ఎన్నడూ చూడలేదు. వంకర తిరిగిన కత్తి, మెరిసే అంచు, దాని వెనక చెమటలు కారుతున్న మనిషి. మారణాయుధం అని కేసు రాశారు. కత్తిని తెల్లగుడ్డలో పెట్టి కుట్టి, లక్క ముద్ర వేసి, ఠాణాలో పెట్టారు.

కత్తి పోతే ఇంకోటి చేయించుకోవచ్చు కదా అంటావు. కత్తితో ఆగలేదు. కల్లు సొసైటీ వాళ్ళు ఆయుధం కేసు ఉన్నవాడికి చెట్లివ్వం అన్నారు. నలభై చెట్లు, వాళ్ళ నాయన చేతి నుంచి వచ్చినవి. ఒక ఉగాది పోనిస్తామన్నారు. ఆ పై ఉగాదికల్లా కేసు తేలకపోతే వేరేవాళ్ళకు రాసేస్తామని అధ్యక్షుడు ముఖం మీదే చెప్పేశాడు. అప్పటికి పద్నాలుగు నెలల గడువుంది. పద్నాలుగు నెలలు చాలా ఎక్కువ అనుకున్నాం.

మా కోర్టులో సామాన్ల గది కప్పు కారుతుంది. అందుకని కేసు సొత్తు ఠాణాలోనే ఉంటుంది. వాయిదా రోజున కోర్టు కానిస్టేబుల్ దాన్ని సంచిలో పెట్టుకుని తెస్తాడు. ఆ కోర్టు కానిస్టేబుల్ నేనే. దర్వాజ వచ్చాక గేటుకు ఒక మనిషి కావాల్సి వచ్చింది. మనుషులు తక్కువ. కోర్టు కానిస్టేబుల్ ఎలాగూ కోర్టులోనే ఉంటాడు కనుక గేటు డ్యూటీ కూడా అతనే చూడవలెనని ఆర్డరు వచ్చింది. అంటే నేనే.

నేను పరాంకుశరావు గారిని అడిగాను. "సార్, అందరినీ నేను సోదా చేస్తాను. సొత్తు తెచ్చినప్పుడు నన్నెవరు చేస్తారు సార్?"

సారు మీసం దువ్వుకున్నారు. "భద్రత విషయమున ఎవ్వరికినీ మినహాయింపు లేదు. నిన్ను నీవే తనిఖీ చేసుకొనుము. పక్షపాతము చూపకుము."

మొదటి వాయిదా వచ్చింది. సంచిలో కత్తి పెట్టుకుని గేటు దాకా వచ్చాను. సంచి బల్ల మీద పెట్టాను. బల్లకు ఇవతలి వైపుకు వచ్చి, సంచి విప్పి చూశాను. మళ్ళీ అవతలికి పోయి జేబులు తడుముకున్నాను. ఆడవాళ్ళ వైపు సోదాకు యాదమ్మ అని హోంగార్డు ఉండేది. నోరు కొంచెం ఎక్కువ.

"ఏం జేస్తున్నవ్ పోశెట్టన్నా?"

"సోదా చేస్తున్న."

"ఎవల్ని?"

"నన్నే."

"దొరికిందా ఏమన్న?"

"కత్తి దొరికింది."

"వామ్మో! పారిపోతడేమో, గట్టిగ పట్టుకో" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

రిజిస్టరులో రాశాను. వస్తువు: కత్తి. రకము: ఆయుధము. ఎవరి వద్ద: 1147. ఆపినవారు: 1147. కత్తిని గేటు పెట్టెలో పెట్టి, తాళం వేసి, లోపలికి పోయాను.

బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. లస్మాగౌడ్ బోనులో నిలబడ్డాడు. మా మేజిస్ట్రేటు మేడం చిన్నవయసు మనిషి. కోపం వస్తే గొంతు పెంచదు, తగ్గిస్తుంది.

"సొత్తు ఏదీ?"

"గేటు దగ్గరుంది మేడం" అన్నాను.

"తెప్పించండి."

"గేటు కానిస్టేబుల్ ఒప్పుకోడు మేడం."

"ఆ గేటు కానిస్టేబుల్‌ను పిలవండి."

నేను అక్కడే ఒక్క అడుగు ముందుకేసి, "వచ్చాను మేడం" అన్నాను.

మేడం కళ్ళజోడు తీసి నన్ను చూసింది. మళ్ళీ పెట్టుకుని చూసింది. కేసు వాయిదా వేసింది.

బయట లస్మాగౌడ్ నా దగ్గరికి వచ్చాడు. "ఏంది పోశెట్టన్నా, తెచ్చింది నువ్వే, ఆపింది నువ్వేనా? ఇంట్ల గిట్ల అన్నం కూడ నువ్వే తెచ్చుకోని నువ్వే వద్దంటవా?"

"నియమం లస్మన్నా."

"నాకు నియమం ఎందుకే. నా చెట్లు నాకు గావాలె."

మేడం ప్రత్యేకాధికారి గారికి ఉత్తరం రాసింది. నెల తర్వాత జవాబు వచ్చింది. కోర్టు గుమాస్తా గట్టిగా చదివితే మేమంతా విన్నాం.

"తమరు కోరిన వస్తువు ఆయుధమైనచో లోనికి అనుమతింపబడదు. ఆయుధము కానిచో లోనికి వచ్చుటకు ఈ కార్యాలయమునకు ఎట్టి అభ్యంతరమూ లేదు. అది ఆయుధమా కాదా అను విషయమును తేల్చుటకు తగిన అధికారము గలది న్యాయస్థానమే కనుక, తేల్చి తెలియజేయ ప్రార్థన."

తేల్చాలంటే చూడాలి కదా అని మేడం తిరుగు ఉత్తరం రాసింది. చూడాలంటే తేల్చాలి కదా అని సారు తిరుగు జవాబు రాశారు. ఆ ఉత్తరాలతో ఐదు వాయిదాలు పోయాయి. ఐదుసార్లూ నేను కత్తి తెచ్చాను. ఐదుసార్లూ నన్ను ఆపాను. ఒకసారి నా మీద నాకే విసుగొచ్చి కొంచెం గట్టిగా కసురుకున్నాను కూడా. యాదమ్మ మధ్యలోకి వచ్చి సర్దిచెప్పింది.

తర్వాత పరాంకుశరావు గారే ఒక ఉపాయం చెప్పారు. "ఛాయాచిత్రము సమర్పించవచ్చును. ఛాయాచిత్రమునకు పదును ఉండదు."

ఫొటోగ్రాఫరు వచ్చి గేటు బయట ఫొటో తీశాడు. లక్క ముద్ర కోర్టులో తప్ప విప్పకూడదు. అందుకని ఫొటోలో తెల్లగుడ్డ మూటే పడింది. మేడం దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ఇది కత్తా, సొరకాయా?" అంది.

సర్కారు వకీలు లేచి, "కత్తే అని మా నమ్మకం మేడం" అన్నాడు. వాయిదా.

ఆ తర్వాత నమూనా అన్నారు. చెక్కపని చేసే వడ్ల బ్రహ్మచారిని పిలిపించారు. లస్మాగౌడ్ పక్కన కూర్చుని కత్తి వంపు ఎట్లా ఉంటుందో, పిడి ఎంత ఉంటుందో చెప్తుంటే, అతను వేపచెక్కతో చెక్కాడు. పైన వెండిరంగు వేశాడు. లస్మాగౌడ్ దాన్ని చేతిలోకి తీసుకుని వంపు వెంట బొటనవేలు జరిపాడు. "మా నాయన కత్తి గిట్లనే ఉండె" అన్నాడు.

నేను చెక్క కత్తి పట్టుకుని దర్వాజలోంచి నడిచాను. కూయలేదు. సగం దూరం పోయాను కూడా. అంతలో పరాంకుశరావు గారి జీపు వచ్చి ఆగింది. ఆయన చెక్క కత్తిని చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏమిటది?"

"చెక్క సార్."

"చూచుటకు కత్తి వలె ఉన్నది. జనులు భయభ్రాంతులగుదురు. ఆయుధమును పోలినదియు ఆయుధమే!"

అదే రోజు రెండో ఆర్డరు వచ్చింది. పెట్టెలో ఇనప కత్తి పక్కన చెక్క కత్తి కూడా చేరింది. చెక్కను ఇంత బాగా ఎందుకు చెక్కావని బ్రహ్మచారిని నాలుగు రోజులు అందరూ తిట్టారు.

ఉగాది దగ్గరపడుతోంది. మేడం ఆ రోజు బల్ల మీద చెయ్యి పెట్టి, మెల్లగా, "కత్తి లోపలికి రాకపోతే కోర్టే బయటికి పోతుంది" అంది. తర్వాతి వాయిదాకు గేటు బయట కుర్చీ, బల్ల వేయించింది. బంట్రోతు రోడ్డు మీదే నిలబడి పేర్లు పిలిచాడు. దారిన పోయే ఇద్దరు తమనేనేమో అని భయపడి ఆగిపోయారు.

కత్తి తీద్దామని పెట్టెకు తాళంచెవి పెట్టానో లేదో, మూడో ఆర్డరు. "న్యాయమూర్తి ఎచ్చట ఆసీనులగుదురో అచ్చటనే న్యాయస్థానము. దానికి నలుదిక్కులా ఏబది అడుగులు ప్రాంగణము. భద్రతా ద్వారము తదనుగుణముగా జరుపబడవలెను."

నలుగురం కలిసి దర్వాజను లేపి యాభై అడుగులు అవతల పెట్టాం. పెట్టె కూడా దర్వాజతోపాటే పోయింది. కత్తి మళ్ళీ బయటే. మేడం ఊరుకునే మనిషి కాదు. తర్వాతి వాయిదాకు కుర్చీని దర్వాజ పక్కకే జరిపించింది. మేం దర్వాజను ఇంకో యాభై అడుగులు జరిపాం. అట్లా నాలుగో వాయిదాకల్లా కోర్టు బస్టాండు ముందుకు వచ్చింది. దర్వాజ బస్టాండుకు అవతలికి పోయింది.

అక్కడి నుంచి ఊరికి పని పెరిగింది. బస్సు ఎక్కాలంటే దర్వాజలోంచి రావాలి. పారలతో కూలీకి వచ్చినవాళ్ళను ఆపాం. మంగలి కొమురయ్య పెట్టెను ఆపాం. బజ్జీల బండి ముత్తక్క ప్రాంగణం లోపల పడింది. ఆమె మిరపకాయలు చీరే చాకును నేనే స్వాధీనం చేసుకున్నాను.

"ఓ పోశెట్టీ, చాకు దీస్కపోతే మిరపకాయలు దేంతోని చీరాలె? నీ మీసంతోనా?"

"పంటితో చీరు ముత్తక్కా, తాత్కాలికం."

"రేపటికెల్లి నీకు ఎంగిలి బజ్జీలే పెడ్త, ఉండు!"

ఆ రోజు బస్సు ఒకటి ప్రాంగణంలోకి రావాల్సి వచ్చింది. దర్వాజలో పట్టదు. పరాంకుశరావు గారు బస్సును పక్కన నిలబెట్టి, ప్రయాణికులను దింపి, ఒక్కొక్కరిని నడిపించి, చివరకు డ్రైవరును స్టీరింగు గురించి ఏడు ప్రశ్నలు అడిగారు. మేడం ఆ హారన్ల మోతలో, "సొత్తు ఏదీ?" అని అడిగింది. "బస్సుకు అవతల ఉంది మేడం" అన్నాను. ఆవిడ కుర్చీలోంచి లేచి, ఫైళ్ళు చంకలో పెట్టుకుని, కోర్టులోకి నడిచి వెళ్ళిపోయింది. వెనక మేము దర్వాజ మోసుకుంటూ వెళ్ళాం.

అప్పటికి పద్నాలుగు వాయిదాలు. ఉగాదికి ముందు ఇంకొక్కటే మిగిలింది.

ఆ చివరి వాయిదా పొద్దున లస్మాగౌడ్ అందరికంటే ముందే వచ్చాడు. గేటు దగ్గర నేలమీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం ఆడేవాడు, ఆ రోజు ఆడలేదు. నేను రిజిస్టరు తెరిచాను.

"పోశెట్టన్నా, గా బుక్కుల ఏమని రాస్తవే?"

"కత్తి అని రాస్తా. పక్కన ఆయుధం అని రాస్తా."

"ఆయుధమని నీకు ఎవలు జెప్పిన్రు?"

నేను పేజీలు వెనక్కి తిప్పాను. మొదటి రోజు కత్తెరకు అట్లా రాశాను. అప్పటి నుంచి పై వరుస చూసి కింద వరుస రాస్తూ పోతున్నాను.

"ఎస్సై పట్నపాయన, ఆయనకు తెల్వది. గా పెద్దసారుకు మొదలే తెల్వది. నువ్వు మా ఇంటి కల్లు తాగి పెరిగినోనివి. మా నాయన చెట్టు మీదుంటే కిందికెల్లి కల్లు లొట్టి అందుకున్నోనివి. నీ కండ్లకు అదేంది? అది జెప్పు."

నాకు రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉంది. నిజం చెప్తున్నాను బిడ్డా, భయపడ్డాను. పెన్ను అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత రాశాను. వస్తువు: కత్తి. రకము: చెట్లు గీసే పనిముట్టు. తెచ్చినవారు: 1147. చూసి పంపినవారు: 1147.

సంచి భుజాన వేసుకుని దర్వాజలోంచి నడిచాను. అది కూసింది. పావురాలు లేచాయి. నేను ఆగలేదు. నన్ను నేను ఆపలేదు.

లోపల పరాంకుశరావు గారు ముందే ఉన్నారు. ఆ రోజు ఆయనకు పెద్ద పని పడింది. సంవత్సర కాలమున ఈ న్యాయస్థానములోనికి ఒక్క ఆయుధమైనను ప్రవేశించలేదని కాగితం రాసుకుని, మేడం సంతకం కోసం వచ్చారు. ఆ సంతకం పడితే ఆయనకు పతకం వస్తుందని మా అందరికీ తెలుసు.

బంట్రోతు పిలిచాడు. లస్మాగౌడ్ బోనెక్కాడు. నేను తెల్లగుడ్డ మూటను బల్ల మీద పెట్టాను.

మేడం ముద్ర చూసింది. "విప్పండి" అంది. కుట్లు తెంపాలంటే కత్తెర కావాలి. కత్తెర గేటు పెట్టెలో ఉంది. గుమాస్తా గోళ్ళతో గీకాడు. వకీలు పెన్నుతో పొడిచాడు. చివరకు లస్మాగౌడ్, "ఇటియ్యుండ్రి" అని బోనులోంచి చెయ్యి చాపి, కుట్లను పంటితో తెంపాడు. కత్తి బయటపడింది. అంచంతా తుప్పు. అతను దాన్ని చూసి నాలుక చప్పరించాడు, జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు.

పరాంకుశరావు గారు లేచి నిలబడ్డారు. "ఇది... ఇది లోనికి ఎట్లు వచ్చినది?"

మేడం గొంతు తగ్గించింది. "కూర్చోండి. మీ కాగితం చూస్తున్నాను. ఒక్క ఆయుధం కూడా లోపలికి రాలేదని రాశారు. నిజమేనా?"

"ముమ్మాటికీ నిజము."

"మీ ఏర్పాట్లలో లోపం?"

"లోపమునకు తావే లేదు. నా భద్రతా వలయమును దాటి ఆయుధము లోనికి వచ్చుట అసంభవము."

"అయితే నా బల్ల మీద ఉన్నది ఏమిటి?"

సారు కత్తి వైపు చూశారు. తన కాగితం వైపు చూశారు. మళ్ళీ కత్తి వైపు చూశారు. లస్మాగౌడ్ బోను కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. సారు నుదుటి మీద ఒక చెమట బొట్టు బయల్దేరి, కనుబొమ్మ దగ్గర ఆగి, మళ్ళీ బయల్దేరింది.

"అది..." అన్నారు సారు. "అది లోనికి వచ్చినది కనుక... ఆయుధము కాజాలదు."

"మీ వాంగ్మూలంగా రాసుకోవచ్చా?"

"రాసుకొనవచ్చును."

మేడం రాసుకుంది. పనిముట్టును వెంట ఉంచుకోవడం నేరం కాదని కేసు కొట్టేసింది. ఆ వెంటనే సారు కాగితం మీద సంతకం కూడా పెట్టింది. సారుకు పతకం వచ్చింది. లస్మాగౌడ్ తీర్పు కాగితం పట్టుకుని సొసైటీ ఆఫీసుకు పరుగెత్తాడు. కాలికి చెప్పులు వేసుకోవడం మరిచాడు. కత్తిని మాత్రం మరవలేదు. బయటికి పోతుంటే దర్వాజ మళ్ళీ కూసింది. "నీ నోరు పడిపోను" అని దాన్ని తిట్టి పోయాడు.

నాకు రెండు కాగితాలు వచ్చాయి, ఒకే రోజు, ఒకే కవరులో. సొత్తును సకాలములో కోర్టుకు సమర్పించినందుకు కోర్టు కానిస్టేబుల్ 1147కు ప్రశంస. నిరపాయకరమగు పనిముట్టును పద్నాలుగుసార్లు అకారణముగా ఆపినందుకు గేటు కానిస్టేబుల్ 1147కు హెచ్చరిక. రెండింటి కిందా పరాంకుశరావు గారి సంతకమే. రెండూ ఇంట్లో ఆ ఇనప పెట్టెలో ఉన్నాయి, కావాలంటే చూడు. ముత్తక్క చాకు కూడా తిరిగిచ్చేశాను. కత్తెర మాత్రం ఇవ్వలేదు. దాన్ని అడగడానికి సారు ఎన్నడూ రాలేదు.

అయిపోయింది బిడ్డా. ఇక ఒక పని చెయ్యి. లస్మాగౌడ్ ఇప్పుడు కూతురింట్లో మంచాన ఉన్నాడు కదా, ఆదివారం పోయి ఇదంతా చదివి వినిపించు. చెవులు మందగించాయి, గట్టిగా చదువు. పంటితో కుట్లు తెంపిన చోట కాసేపు ఆగు, నవ్వుకోనీ. నేను పద్నాలుగుసార్లు ఆపానని వచ్చినప్పుడు, కాదు పదిహేను అంటాడు. ఎప్పుడూ అంతే అంటాడు, ఆ చెక్క కత్తిని కూడా కలుపుకుంటాడు. రిజిస్టరులో ఏముందో చెప్పి వాదించకు. అక్కడే, అతను చూస్తుండగా, పద్నాలుగు కొట్టేసి పదిహేను అని రాయి.